మనసులో బరువు ఎవరితో చెప్పుకోవాలి? నెల్లూరు, ప్రకాశం పోలీసు సిబ్బందికి ఒక పోలిక

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పోలీసు స్టేషన్లలో, ఏఆర్ (సాయుధ రిజర్వు) విభాగంలో, ట్రాఫిక్‌లో పనిచేసేవారికి మనసు బాగాలేదనిపించినప్పుడు నోరు విప్పనివ్వకుండా అడ్డుపడే సందేహం ఒక్కటే: చెప్పిన మాట ఎంత దూరం పోతుంది, చివరికి ఎవరి బల్ల మీదికి చేరుతుంది? ఈ సందేహాన్ని పిరికితనంగా కొట్టిపారేయడం అన్యాయం. పోస్టింగు, పదోన్నతి, చేతికిచ్చిన ఆయుధం, పై అధికారి నమ్మకం అన్నీ మనిషి నిబ్బరంగా ఉన్నాడన్న అభిప్రాయం మీదే నడిచే ఉద్యోగంలో, 'ఆయనకు ఈమధ్య బుర్ర సరిగా లేదట' అన్న ఒక్క మాట రోల్ కాల్ దగ్గర తిరిగితే ఏమవుతుందో సిబ్బందికి ఎవరూ చెప్పనక్కరలేదు. అందుకే ఈ వ్యాసంలో మన ముందున్న దారులను ముఖ్యంగా గోప్యత వైపు నుంచి పోల్చి చూస్తున్నాను. తోటి ఉద్యోగి, 14416 నంబరుకు చేసే టెలి-మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ ఫోను, ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగం, ప్రైవేటు వైద్యుడు, పై అధికారి, ఇంటివాళ్లు అనేవి ఆ దారులు.

ఏ దారినైనా కొలవడానికి మూడు సంగతులు చూసుకుంటే చాలు. మనం చెప్పింది ఎక్కడైనా కాగితం మీదికో కంప్యూటరులోకో ఎక్కుతుందా, విన్న మనిషిని ఎవరైనా నిలదీసి చెప్పించగలరా, విన్న మనిషికి మన డ్యూటీ మీద, సెలవు మీద, పోస్టింగు మీద అధికారం ఉందా. ఈ మూడింటిలోనూ సంపూర్ణంగా నెగ్గే దారి ఏదీ లేదు. అందువల్ల మొత్తం సంగతిని ఒకే చోట దింపుకోవాలని చూడకుండా, ఏ మాటను ఏ చోట చెప్పుకోవాలో విడదీసుకోవడమే తెలివైన ఎంపిక అని నా అభిప్రాయం.

తోటి ఉద్యోగి తోడు

జాతీయ రహదారి 16 మీద కావలి, గూడూరుల మధ్య అర్ధరాత్రి జరిగిన ప్రమాదంలో నలిగిన కారులోంచి పిల్లవాడి శవాన్ని తీసి, పంచనామా రాయించి, మృతుడి జేబులో మోగుతున్న ఫోను ఎత్తి తల్లికి కబురు చెప్పిన కానిస్టేబులు, ఆ రాత్రి ఎలా గడిచిందో మామూలు మనిషికి చెప్పాలంటే ముందు చాలా వివరించుకోవాలి. మరో కానిస్టేబులుకు ఆ వివరణ అక్కరలేదు. బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ బందోబస్తులో రోజుల తరబడి నిలబడ్డవారికి, తుపాను హెచ్చరిక రాగానే తీరప్రాంత గ్రామాలను ఖాళీ చేయించడానికి పరుగెత్తినవారికి, ఇంట్లో శుభకార్యం రోజున సెలవు రద్దయినవారికి ఆ సంగతి ఇట్టే తెలుస్తుంది. తోటి ఉద్యోగి తోడుకు బలం ఇక్కడినుంచే వస్తుంది. తనకు జరిగింది తనొక్కడికే జరగలేదని తెలియడం మనిషికి చాలా ఊరటనిస్తుంది. డాక్టరు దగ్గరికి పోవడానికి ససేమిరా అన్నవారు కూడా 'నేనూ పోయాను, పద, వెంట వస్తాను' అన్న సహోద్యోగి మాట వింటారు.

అయితే ఇదే దారిలో గోప్యత అన్నిటికంటే నాజూకైనది. న్యూయార్క్ నగర పోలీసుల కోసం 1996లో మొదలైన తోటి ఉద్యోగుల సహాయ సంస్థను శాఖకు వెలుపల, స్వతంత్రంగా ఏర్పాటు చేసుకున్నారు. సాయం చేసేవారు పోలీసులే, కానీ ఆ ఫోను శాఖ చేతిలో ఉండదు. అమెరికా కేంద్ర ప్రభుత్వం తన ఫెడరల్ పోలీసు సిబ్బంది తోటివారితో జరిపే కౌన్సెలింగు మాటలకు 2021 నవంబరులో చట్టం ద్వారా గోప్యత కల్పించింది. మన దేశంలో తోటి ఉద్యోగితో చెప్పుకున్న మాటకు అలాంటి చట్టబద్ధమైన రక్షణ లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం భార్యాభర్తల మధ్య మాటలకు, న్యాయవాదికి కక్షిదారుకు మధ్య మాటలకు రక్షణ ఇస్తుంది గానీ, స్టేషన్ మేడ మీద ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లు చెప్పుకున్న మాటలకు ఇవ్వదు. పైగా విన్న మనిషి కూడా పోలీసే. నేరం జరిగిందని తెలిసినప్పుడు అతని విధులు అతనికుంటాయి. పిల్లల మీద లైంగిక నేరం గురించి తెలిస్తే తెలియజేసి తీరాలని పోక్సో చట్టం ప్రతి ఒక్కరికీ చెబుతోంది.

కాబట్టి తోటి ఉద్యోగి దగ్గర ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో ముందే గీత గీసుకోవాలి. నిద్ర రావడం లేదని, ఆ దృశ్యం కళ్లముందు కదులుతోందని, పిల్లల మీద అకారణంగా చెయ్యి లేస్తోందని, మందు ఎక్కువైందని, బతుకు మీద విరక్తి పుట్టిందని చెప్పవచ్చు, చెప్పాలి కూడా. ఛార్జ్ మెమో అందుకుని శాఖాపరమైన విచారణలో ఉన్నవారు, లాకప్‌లో జరిగిన సంఘటన గురించో డబ్బు ఆరోపణ గురించో మథనపడుతున్నవారు మాత్రం సంఘటన వివరాలను న్యాయవాదికి చెప్పుకుని, దానివల్ల పడుతున్న వేదనను మాత్రమే సహోద్యోగికి చెప్పుకోవాలి. రేపు ఆ స్నేహితుణ్ణే సాక్షిగా పిలిస్తే, అబద్ధం చెప్పడమో నమ్మకం వమ్ము చేయడమో తప్ప అతనికి దారి ఉండదు. అతన్ని ఆ ఇరకాటంలో పెట్టకపోవడం కూడా స్నేహధర్మమే.

ఎవరిని ఎంచుకోవాలన్నది తర్వాతి ప్రశ్న. ఒకే స్టేషనువారు, మీ పైవరుసలో గానీ కిందివరుసలో గానీ ఉన్నవారు, ఒకే కేసులో పనిచేస్తున్నవారు వద్దు. ఆత్మకూరులో పనిచేసేవారు కందుకూరులో ఉన్న శిక్షణనాటి బ్యాచ్‌మేట్‌తో మాట్లాడుకోవడం, ఏఆర్‌లో ఉన్నవారు సివిల్ విభాగంలోని పాత స్నేహితుణ్ణి వెతుక్కోవడం మేలు. ఇద్దరి డ్యూటీ చార్టూ ఒకే చేతిలో లేనప్పుడు మాట జారే అవకాశం బాగా తగ్గుతుంది. రిటైరైన ఏఎస్ఐ లాంటి పెద్దలకు తీరిక ఉంటుంది, మీ మీద అధికారం ఉండదు. కాకపోతే 'మా రోజుల్లో ఇంతకంటే ఘోరాలు చూశాం' అని మొదటి మాటకే అడ్డం వచ్చే పెద్దాయన ఎంత మంచివారైనా ఈ పనికి సరిపోరు.

వినేవారిని పరీక్షించడానికి నాకు తెలిసిన మంచి గుర్తు ఒకటుంది. 'ఒట్టు, ఏం చెప్పినా ఎవ్వరికీ చెప్పను' అనే మనిషి కంటే, 'నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపిస్తే, పసిపిల్లలకు హాని జరుగుతోందని తెలిస్తే నేను ఊరుకోలేను, మిగతాదంతా నా దగ్గరే ఉంటుంది' అని మొదటే చెప్పే మనిషి ఎక్కువ నమ్మదగినవాడు. తన హద్దు తనకు తెలిసినవాడే దాన్ని నిలబెట్టుకోగలడు. మొదలుపెట్టడానికి పెద్ద మాటలేమీ వద్దు. 'అన్నా, ఒక మాట చెప్పుకోవాల. మన ఇద్దరి మధ్యే ఉంటదా?' అని అడిగి, వచ్చిన జవాబు చూసుకుని ముందుకు పోవచ్చు. వాట్సాప్‌లో రాయకండి, వాయిస్ మెసేజీ పంపకండి, ఎదురుగా కూర్చుని మాట్లాడండి. స్క్రీన్‌షాట్ ఎంత దూరం పోతుందో కేసులు దర్యాప్తు చేసేవారికి వేరే చెప్పాలా?

వినేవారికి శిక్షణ ఉంటే మరీ మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన ప్రాథమిక మానసిక సహాయ మార్గదర్శిని చూడటం, వినటం, తగిన సాయంతో కలపటం అన్న మూడు పనులనే చెబుతుంది. రోగమేమిటో తేల్చడం, మాత్రలు సూచించడం అందులో లేవు. ఒక హెచ్చరిక కూడా చేయాలి. పెద్ద ప్రమాదం తర్వాత సిబ్బందినందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఒక్కొక్కరి చేత చూసినదంతా ఒకే విడతలో చెప్పించే పద్ధతి ఒకప్పుడు చాలా దేశాల్లో సాగింది. ఆ ఒక్క విడత కూర్చోబెట్టడం వల్ల తర్వాత వచ్చే మానసిక గాయం ఆగదనీ, కొందరికి కీడు కూడా జరగవచ్చనీ పరిశోధనల సమీక్షల్లో తేలింది. చెప్పాలనుకున్నవారిని చెప్పనివ్వాలి, వద్దనుకున్నవారిని బలవంతపెట్టకూడదు.

14416: పేరు చెప్పనక్కరలేని దారి

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి-మానస్‌కు 14416 గానీ 1800-891-4416 గానీ కలిపితే, పగలూ రాత్రీ ఏ వేళనైనా ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలరు వింటారు, అవసరమైతే మానసిక వైద్య నిపుణుల దగ్గరికి దారి చూపుతారు. సైనికుల కోసం పుణెలోని సైనిక వైద్య కళాశాలలో 2023 డిసెంబరులో ప్రత్యేక విభాగం కూడా పెట్టారంటే, యూనిఫాం వేసుకున్నవారికి ఈ సేవ ఎంత అవసరమో ప్రభుత్వమూ గుర్తించినట్టే.

పైన చెప్పిన మూడు కొలతల్లో ఈ దారికి మంచి మార్కులే పడతాయి. అవతలివారికి మీ పోస్టింగుతో పనిలేదు, మీ ఎస్ఐ ఎవరో తెలియదు, ఏ స్టేషనులో పనిచేస్తున్నారో చెప్పనక్కరలేదు. శాఖ ఇచ్చిన సీయూజీ నంబరు నుంచి కాకుండా సొంత ఫోను నుంచి చేయండి. ఇందులో ఉన్న లోటు కూడా దాచకూడదు. వినేవారికి పోలీసు బతుకు తెలియకపోవచ్చు, 'సెలవు పెట్టి విశ్రాంతి తీసుకోండి' అన్న సలహా విని మీకు చిరాకు పుట్టవచ్చు. ఆ ఒక్క మాటతో ఫోను పెట్టేయకుండా, సెలవు దొరకదని చెప్పి అసలు సంగతికి రండి. రాత్రి రెండు గంటలకు బీట్ నుంచి వచ్చి నిద్ర పట్టని మనిషికి, జిల్లా కేంద్రానికి దూరంగా మారుమూల స్టేషన్లలో పనిచేసేవారికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

ఆసుపత్రి, చీటీ, చట్టం

నెల్లూరు దర్గామిట్టలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనూ, ఇప్పటికీ చాలామంది రిమ్స్ అనే పిలిచే ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనూ మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. ఖర్చు లేదు. చికిత్స విషయంలో తోటి ఉద్యోగి గానీ ఫోను గానీ వైద్యుడికి సాటిరావు. రెండు వారాలకు మించి దిగులు వదలకపోతే, భయంకర సంఘటన జరిగి నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు తగ్గకపోతే, తాగుడు చెయ్యి దాటితే వైద్యుడి దగ్గరికే పోవాలి. రోజూ ఎక్కువగా తాగేవారు పంతం పట్టి ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, మూర్ఛలు, మతిభ్రమణం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఆ పనిని స్నేహితుల పర్యవేక్షణలో కాక వైద్య పర్యవేక్షణలోనే చేయాలి.

గోప్యత విషయంలో ఇక్కడ చట్టం మీ వైపు ఉంది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ రోగి వివరాలను గోప్యంగా ఉంచాలని వైద్యులను ఆదేశిస్తోంది. ఇతరులకు హాని తప్పించడానికి, ప్రాణాపాయం ఉన్నప్పుడు, కోర్టు లేదా సంబంధిత బోర్డు ఉత్తర్వు ఇచ్చినప్పుడు, ప్రజా భద్రత దృష్ట్యా వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. అదే చట్టంలోని 21వ సెక్షన్ బీమా సంస్థలు శరీర వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ బీమా కల్పించాలంటుంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం ఏర్పడిన ప్రభుత్వోద్యోగిని ఆ కారణంగా తొలగించడం గానీ హోదా తగ్గించడం గానీ కూడదని వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 20వ సెక్షన్ చెబుతోంది. మానసిక రుగ్మత వల్ల కలిగే వైకల్యం కూడా ఆ చట్టం పరిధిలోనిదే.

కాగితం మీద ఇంత రక్షణ ఉన్నా ఆసుపత్రి వరండాలో ఉండే ఇబ్బంది వేరు. పోస్టుమార్టంకీ, గాయాల కేసులకీ నిత్యం వెళ్లే ఆసుపత్రిలో సెక్యూరిటీ మనిషి నుంచి వార్డుబాయ్ దాకా అందరూ గుర్తుపడతారు. మఫ్తీలో వెళ్లినా 'ఏం సార్, ఇటొచ్చారు?' అన్న పలకరింపు తప్పదు. దీనికి నేనిచ్చే సలహా సూటిగా ఉంటుంది. నెల్లూరులో పనిచేసేవారు ఒంగోలుకూ, ఒంగోలువారు నెల్లూరుకూ పోవచ్చు. రెండింటికీ మధ్య దూరం సుమారు 120 కిలోమీటర్లే, రైళ్లకు కొదవ లేదు, వారపు సెలవు దొరికిన రోజున ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. మొదటిసారి తోటి ఉద్యోగి ఒకరు వెంట ఉంటే ఇంకా మంచిది.

ప్రైవేటు వైద్యుడి దగ్గర తీరిక, మరుగు కాస్త ఎక్కువ, ఖర్చు చాలా ఎక్కువ. ఒక్క సంగతి మరవకండి. పోలీసు సిబ్బంది వైద్య పథకమైన ఆరోగ్య భద్రత కింద గానీ రీయింబర్స్‌మెంటుకు గానీ బిల్లు పెడితే జబ్బు పేరు కాగితం మీదికి వస్తుంది, ఆ కాగితం కార్యాలయంలో నాలుగు చేతులు మారుతుంది. మెడికల్ లీవుకు పెట్టే సర్టిఫికెట్‌ సంగతీ అంతే. మొదటి రెండు మూడు సందర్శనలకు సొంత డబ్బు పెట్టుకోగలిగితే, ఆ తర్వాత ఏం చేయాలో స్థిమితంగా నిర్ణయించుకోవచ్చు.

పై అధికారికి ఏం చెప్పాలి

రాత్రి డ్యూటీ మార్చడం, సెలవు ఇవ్వడం, కొన్నాళ్లు తేలిక పని అప్పగించడం పై అధికారి మాత్రమే చేయగలరు. అందువల్ల ఆయన్ను పూర్తిగా పక్కన పెట్టలేం. కానీ మన మీద అధికారం ఉన్న మనిషికి అవసరాన్ని చెబితే చాలు, రోగనిర్ధారణ చెప్పాల్సిన పని లేదు. 'సార్, కొన్ని రోజులుగా నిద్ర సరిగా లేదు, రెండు వారాలు పగటి డ్యూటీ ఇప్పించండి' అన్న మాటలో అబద్ధం లేదు, అనవసరమైన వివరమూ లేదు. మంచి సీఐలు, ఆర్ఐలు (రిజర్వు ఇన్‌స్పెక్టర్లు) ఆ మాట వెనక ఉన్నదేమిటో అర్థం చేసుకుంటారు, అడగకుండానే సర్దుతారు. శాఖ తరఫున జరిపే కౌన్సెలింగు శిబిరాలకు వెళ్లేవారు మాత్రం హాజరు పట్టీ ఎవరి దగ్గర ఉంటుందో, నివేదికలో పేర్లు ఉంటాయో లేదో ముందే అడగాలి. అడగడం మీ హక్కు.

ఇంటివాళ్ల గురించి క్లుప్తంగా చెబుతాను. భార్యకో భర్తకో ఎంతో కొంత ముందే తెలిసే ఉంటుంది. ఆ దృశ్యాలన్నీ వాళ్ల ముందు పరచనక్కరలేదు గానీ, చికిత్స తీసుకుంటున్న సంగతి మాత్రం చెప్పాలి. మాత్రలు వేసుకున్నారా లేదా చూసేది వాళ్లే.

మహిళా సిబ్బంది, హోంగార్డుల పరిస్థితి కాస్త వేరు. మహిళా కానిస్టేబులు తన బాధ చెప్పుకోవడానికి వేరే సబ్ డివిజన్‌లోని అక్కను ఎంచుకోవడం మంచిది. బాధకు మూలం పనిచోట లైంగిక వేధింపైతే, అది 2013 చట్టం కింద అంతర్గత కమిటీకి వెళ్లవలసిన విషయం. ఫిర్యాదు వివరాలు బయటపెట్టడాన్ని ఆ చట్టంలోని 16వ సెక్షన్ నిషేధిస్తోంది. డ్యూటీ చేసిన రోజులను బట్టి భత్యం అందుకునే హోంగార్డులకు డ్యూటీ పోతుందన్న భయం ఇంకా ఎక్కువ కాబట్టి, పేరూ ఖర్చూ అడగని 14416తో మొదలుపెట్టి, తర్వాత ప్రభుత్వాసుపత్రికి వెళ్లడం వారికి అనువైన వరుస.

ఆయుధం దగ్గరున్న రాత్రి

చనిపోవాలన్న ఆలోచన వచ్చినప్పుడు పై పోలికలన్నీ పక్కన పెట్టాలి. ఆ క్షణంలో గోప్యత కంటే ఆయుధానికీ మనిషికీ మధ్య దూరం ముఖ్యం. ఆ ఉద్ధృతి చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది, ఆ కాసేపు చేతికి ఆయుధం అందకపోతే ప్రాణం నిలుస్తుంది. ఆయుధాన్ని బెల్ ఆఫ్ ఆర్మ్స్ అనే ఆయుధాగారంలోనో స్టేషనులోనో జమ చేయించండి. కారణంగా ఒంట్లో బాగాలేదని చెబితే చాలు. ఆ తర్వాత ఒంటరిగా ఉండవద్దు, 14416కో, 108కో, 112కో ఫోను చేయండి.

సహోద్యోగి ప్రవర్తనలో తేడా కనిపిస్తే, 'చచ్చిపోవాలని అనిపిస్తోందా?' అని తిన్నగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదు, అడిగినందుకు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. అవునన్న జవాబు వస్తే, ఎవరికీ చెప్పనని అంతకుముందు ఇచ్చిన మాట అక్కడితో చెల్లిపోతుంది. ఆ సంగతి అతనికే చెప్పి, అతని ఎదుటే ఫోను చేయాలి. కేసు అవుతుందేమోనన్న భయం కొందరిని వెనక్కి లాగుతుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలంటోంది. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ భారతీయ న్యాయ సంహితలో లేదు. ప్రభుత్వోద్యోగి విధిని అడ్డుకోవడానికో బలవంతపెట్టడానికో చేసే యత్నాన్ని మాత్రమే అందులో నేరంగా ఉంచారు.

మొదట ఎంచుకున్న దారి సరిపడకపోతే దాన్ని మార్చుకోవడంలో తప్పేమీ లేదు. వైద్యుడిచ్చిన దిగులు మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు రోజులకే ఫలితం లేదని మానేయకూడదు, తగ్గిందని ఒక్కసారిగా ఆపేయకూడదు, నిద్రమాత్ర రాస్తే రాత్రి డ్యూటీ ఉందనీ జీపు నడుపుతామనీ వైద్యుడికి చెప్పాలి. వెంట వెళ్లిన తోటి ఉద్యోగి వారం తర్వాత ఒకసారి పలకరించాలి. తాను విన్నది తన ఇంట్లో కూడా చెప్పకూడదు. అది మోయలేనంత బరువైతే అతనూ పేర్లు చెప్పకుండా 14416తో మాట్లాడవచ్చు.